67 దాటాయంటే మురిసిపోకండి: కెనడా పీఆర్‌కి డబ్బు కట్టేవాళ్లు జాగ్రత్త

కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం 2024 జనవరిలో అమీర్‌పేటలోని ఒక కన్సల్టెన్సీకి లక్షా ఇరవై వేలు కట్టాను. పేరు రాయను, అడగొద్దు. వాళ్ల పద్ధతి తెలిస్తే ఏ బోర్డు కింద కూర్చున్నా గుర్తుపట్టేస్తారు.

మొదటిరోజే కౌన్సెలర్ కాగితం మీద లెక్కేసింది. వయసు 36కి 11, ఎం.కామ్‌కి 23, పదేళ్ల అనుభవానికి 15, ఇంగ్లిష్‌కి 20. మొత్తం 69. "67 వస్తే చాలు సర్, మీకు రెండు ఎక్కువే." మా ఆవిడ నావంక గర్వంగా చూసింది కూడా.

ఆ 67 అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే. అది నాలాంటివాళ్లు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పూల్‌లో, అంటే పీఆర్ కోరేవాళ్ల జాబితాలో, అడుగు పెట్టడానికి వందకి రావాల్సిన మార్కు. ఆ తర్వాత ఐటీఏ, అంటే అప్లై చేయమనే పిలుపు, వచ్చేది సీఆర్‌ఎస్ (పూల్‌లోవాళ్లకి ర్యాంకులిచ్చే) స్కోరు మీద. అది 1200కి. దాని ఊసే ఎత్తలేదు. ఐఈఎల్‌టీఎస్ రాసి, మన డిగ్రీలు అక్కడ దేనికి సమానమో చెప్పే డబ్ల్యూఈఎస్ రిపోర్టు తెప్పించుకుని ప్రొఫైల్ పెడితే నాకొచ్చింది 337. 2024లో ఈ పిలుపుల కోసం తీసిన జనరల్ డ్రాల్లో కటాఫ్ స్కోరు ఒక్కసారి కూడా 520 కిందికి దిగలేదు. ఫ్రెంచ్ వచ్చినవాళ్లకి 400 లోపు కూడా డ్రా పడింది గానీ, నాకు హిందీయే అంతంతమాత్రం.

ఎప్పుడు ఫోన్ చేసినా "కటాఫ్ తగ్గుతుంది సర్, ఆగండి" అనేవారు. ఆగాను. ఈలోగా 37 నిండి ఐదు పాయింట్లు ఊడాయి, ఏడాది తిరిగేసరికి ప్రొఫైల్ గడువూ తీరింది. ఆ ప్రొఫైల్ పెట్టడానికి కెనడా ప్రభుత్వం పైసా తీసుకోదని అప్పుడు తెలిసింది.

2025 జూన్‌లో వాళ్లే ఫోన్ చేశారు. నాలుగు లక్షలిస్తే జాబ్ ఆఫర్ లెటర్, 50 పాయింట్లు కలుస్తాయట. ఆ పాయింట్లు మార్చి 25నే ఎత్తేశారు! ఉన్నా 332కి 50 కలిపితే 382, ఏం ఒరుగుతుంది? పైగా దొంగ లెటర్ దొరికితే ఐదేళ్ల నిషేధం పడేది మనకి, వాళ్లకి కాదు.

గొడవపడి పాస్‌వర్డ్ తీసుకుని చూస్తే, అంతా నేనే నింపుకున్నట్టు పెట్టారు. ప్రతినిధి పేరే లేదు. డబ్బు తీసుకుని ఈ పని చేయాలంటే కెనడా లాయరో, అక్కడి లా సొసైటీలో ఉన్న పారాలీగలో, క్యూబెక్ నోటరీయో, ఆర్‌సీఐసీ (ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్) లైసెన్స్ ఉన్నవాళ్లో అయి ఉండాలి. ఆర్‌సీఐసీల జాబితా కాలేజ్ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. "మా లాయర్ టొరంటోలో ఉంటారు" అన్నారే గానీ ఆయన పేరు ఇప్పటికీ చెప్పలేదు.

రీఫండ్ అడిగితే అగ్రిమెంట్ తీశారు. "అప్లికేషన్ రిజెక్ట్ అయితే పూర్తి డబ్బు వాపసు." నేను సంతోషంగా సంతకం పెట్టిన వాక్యమే. కానీ పిలుపొస్తేనే అప్లికేషన్, అప్లికేషన్ ఉంటేనే రిజెక్షన్. నాకు పిలుపే రాలేదు కాబట్టి రిజెక్ట్ కాలేదట!

వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి రసీదులు పోగేస్తున్నా. మీరు మాత్రం సంతకానికి ముందే "ఏడాదిలో ఐటీఏ రాకపోయినా వాపసు" అని ఆ వాక్యం పక్కన రాయించుకోండి. వాళ్లు "రాయం" అంటే చెప్పులేసుకుని వచ్చేయండి.