టికెట్ లేకుండా బస్సెక్కిన కండక్టర్: ట్రినిడాడ్ ప్రయాణాలకి నా మార్కులు

ముందే చెప్పేస్తున్నాను, నేను టూరిస్టుని కాను. ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి విజయనగరంలో రిటైరైనవాణ్ణి. మా అమ్మాయి వాళ్లు వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్‌లో ఉంటారు. నేనూ మా ఆవిడా వెళ్లి రెండు నెలలు ఉండి వచ్చాం. వచ్చిన దగ్గర్నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదురుగా టీ కొట్టు దగ్గర ఎవడు కనిపించినా ఒకటే ప్రశ్న, "ఏటి గురూ, అక్కడ బస్సులెలాగున్నాయేటి?" అని. బీచీల గురించి ఒక్కడూ అడగడు. ఒక్కొక్కడికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. మన వైపు నుంచి పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకి పనికొస్తుందేమో చూడండి.

దేశం చిన్నది. ట్రినిడాడ్, టొబాగో అని రెండు దీవులు, రెండూ కలిపితే 5,128 చదరపు కిలోమీటర్లు. మా పాత విజయనగరం జిల్లా ఒక్కటే 6,539. జనం సుమారు 14 లక్షలు. పక్కనే వెనిజులా, దగ్గర చోట పదకొండు కిలోమీటర్లే సముద్రం. ఆయిలూ గ్యాసూ ఉన్న దేశం కాబట్టి డబ్బుకి లోటు లేదనుకుని వెళ్లాను. మా అల్లుడు పాయింట్ లిసాస్‌లో మిథనాల్ ప్లాంటులో చేస్తాడు, ఇల్లు షగ్వానస్‌లో. ఊళ్లో సగం మొహాలు మన మొహాలే. 1845 మే 30న ఫాతెల్ రజాక్ అనే ఓడలో మన దేశం నుంచి మొదటి కూలీలు దిగారట, 1917 దాకా అలా వస్తూనే ఉన్నారు, కొన్ని ఓడలు మద్రాసు రేవు నుంచి కూడా పోయాయి. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే బస్సులో పక్క సీటువాడు రామ్‌లాలో సీతారామో అని పేరు చెప్పి, హిందీ ముక్క రాక, ఇంగ్లీషుని పాటలా పాడుతుంటే మొదటి వారం నాకు చాలా గాభరాగా ఉండేది.

అక్కడ జనాన్ని మోసేది మాక్సీలు. పేరు మాక్సీ ట్యాక్సీ గానీ ట్యాక్సీ కాదు, మన టెంపో ట్రావెలర్ లాంటి తెల్ల వ్యాను, పన్నెండు సీట్లదొకటి, ఇరవై అయిదు సీట్లదొకటి. బండి నడుం చుట్టూ ఒక రంగు పట్టీ ఉంటుంది, ఆ పట్టీని చూస్తే ఎటు పోయే బండో తెలిసిపోతుంది. రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ చుట్టుపక్కల తిరిగేవి పసుపు, తూర్పున అరీమా వైపు ఎరుపు, రాజధాని నుంచి దక్షిణాన శాన్ ఫెర్నాండో వైపు ఆకుపచ్చ, ప్రిన్సెస్ టౌన్ వైపు నలుపు, శాన్ ఫెర్నాండో నుంచి ఇంకా కిందికి పోయేవి బ్రౌను, టొబాగోలో నీలం. అక్షరం ముక్క రానివాడు కూడా తప్పు బండి ఎక్కడు. మన దగ్గర బోర్డు ఇంత లావు అక్షరాలతో ఉన్నా "బాబూ ఇది సాలూరేనా" అని నన్ను రోజుకి వందమంది అడిగేవారు, కొందరు ఎక్కి కూర్చుని బస్సు కదిలాక అడిగేవారు. ఈ రంగు పట్టీ ఒక్కటి మన పల్లెవెలుగులకి పెట్టినా సగం కండక్టర్లకి గొంతు నొప్పి తగ్గుతుంది.

ఇంక మాక్సీ రోగం ఏమిటంటే, నిండితేనే కదులుతుంది. కోట జంక్షన్‌లో షేర్ ఆటోవాడు "ఒక్కరు, ఒక్కరు" అని అరుస్తాడు చూడండి, అదే సంగతి, కాకపోతే ఏసీ ఉంటుంది, పాటలుంటాయి. పాటలంటే మామూలుగా కాదు, సోకా అని వాళ్ల సంగీతం, సీటు కింద నుంచి మోగి వెన్నులోకి ఎక్కుతుంది. ఒకరోజు పొద్దున్న రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయని నలభై నిమిషాలు కూర్చోబెట్టాడు ఒక డ్రైవరు. రెండు నిమిషాలు లేటుగా బండి తీస్తే కంట్రోలర్ చేత తిట్లు తిన్నవాణ్ణి నేను, ఆ నలభై నిమిషాలూ నా బీపీ ఎంతుందో దేవుడికే తెలియాలి. చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం డబుల్స్ తింటూ హాయిగా కూర్చున్నారు. డబుల్స్ అంటే బారా అని మెత్తటి పూరీల్లాంటివి రెండు, మధ్యలో శనగల కూర, కాగితంలో చుట్టిస్తారు. అది మాత్రం అయిదుకి అయిదు. మాక్సీలో టికెట్టనేది లేదు, దిగేటప్పుడు డబ్బులివ్వడమే. టిమ్ (టికెట్లు కొట్టే మిషను) లేదు, ఎస్సార్ (టికెట్ల లెక్క రాసే కాగితం) లేదు, చెకింగ్ లేదు. బండి ఎవడిది వాడిదే కాబట్టి దాచేదీ లేదు, అడిగేదీ లేదు.

ఇక ప్రభుత్వ బస్సు, అంటే వాళ్ల ఆర్టీసీ. పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్ సర్వీస్ కార్పొరేషన్ అంటారు. రాజధానిలో వాళ్ల కాంప్లెక్స్ పేరు సిటీ గేట్. నేను దర్జాగా వెళ్లి అరీమా బస్సు ఎక్కి, జేబులోంచి నోటు తీసి డ్రైవరుకి చాపాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. నేను చిల్లర లేదంటున్నాడేమో అనుకుని ఇంకో నోటు తీశాను. వెనక ఒక ముసలావిడ నా భుజం తట్టి కిందున్న కౌంటరు చూపించింది. టికెట్టు ముందే కొనుక్కుని ఎక్కాలట, బస్సులో డబ్బులు తీసుకోరు, కండక్టరన్నవాడే లేడు! ముప్పై ఒక్క ఏళ్లు టికెట్లు కోసినవాణ్ణి, టికెట్టు లేదని దించేశారు. ఈ మాట మా డిపో వాళ్లకి ఇంతవరకు చెప్పలేదు, ఇక్కడ చదివితే చదువుకోండి.

ఆ రోజే నాకు ఆ దేశంలో అన్నిటికంటే నచ్చినది చూశాను. సిటీ గేట్ ఒకప్పుడు రైల్వే స్టేషన్. 1876లో అక్కణ్ణుంచి అరీమాకి రైలు మొదలైంది, 1968లో మొత్తం మూసేశారు. పట్టాలు పీకేశాక ఆ దారిలో కొంత భాగాన్ని రోడ్డు వేసి, ఇది బస్సులకీ మాక్సీలకీ మాత్రమే అన్నారు. పేరు ప్రయారిటీ బస్ రూట్. పర్మిట్ లేని సొంత కార్లు అందులోకి రాకూడదు. పక్క రోడ్లలో కార్లు బంపరుకి బంపరు ఆనించి నిలబడి ఉంటే, మా బస్సు ఖాళీ దారిలో గాలిలా పోయింది. కారులో ఏసీ వేసుకుని కూర్చున్న ఆఫీసరుని బస్సులో వెళ్లే కూలీవాడు దాటిపోవడం నేను సర్వీసులో ఒక్కసారి కూడా చూడలేదు. అక్కడ రోజూ జరుగుతోంది.

అయినా రైలు పోయిందన్న బాధ ఉంటుంది కదా. మన నౌపడా చిన్న రైలు 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించింది. తర్వాత గుణుపురం దాకా సాగింది. 2004లో ఆపేసినా బ్రాడ్‌గేజి చేసి మళ్లీ నడుపుతున్నారు. వాళ్లు కూడా కొత్తగా రైలు వేస్తామని పెద్ద ప్లానే వేశారు, ప్రభుత్వం మారాక 2010లో పక్కన పడేశారు. అందుకని ఆ దేశంలో ఇవాళ ప్యాసింజర్ రైలు అనేది లేదు. మా ఆవిడకి ఇది ఎంత చెప్పినా నమ్మలేదు. "రైలు లేని దేశవేటండీ" అని వచ్చేదాకా అంటూనే ఉంది.

రైలు లేకపోతే ఏమవుతుందో పొద్దున్న ఆరింటికి హైవే మీద చూడాలి. పెట్రోలు చాలా ఏళ్లు ప్రభుత్వం సబ్సిడీ మీద చవగ్గా ఇచ్చింది, జపాన్ నుంచి వాడిన కార్లు వచ్చిపడ్డాయి, ఇంటికి రెండు మూడు ఉంటాయి. నంబరు ప్లేటు హెచ్‌తో మొదలైతే ట్యాక్సీ, పీతో మొదలైతే సొంత కారు. సొంత కారులో దొంగచాటుగా జనాన్ని ఎక్కించుకునేవాటిని పీహెచ్ అంటారు. ఒకసారి వర్షంలో ఒకటి ఆగితే ఎక్కబోయాను, మా అమ్మాయి "నాన్నా, అది పీహెచ్, ఎక్కొద్దు" అని చెయ్యి పట్టుకుని లాగేసింది. ఇన్సూరెన్సు వర్తించదు, ఎవడు ఎక్కడికి తీసుకుపోతాడో తెలియదు. మంచివాళ్లే ఎక్కువ ఉండొచ్చు. అయినా వద్దు.

ఇంకో ఆశ్చర్యం. లా బ్రియా దగ్గర తారు చెరువుంది, నిజంగానే తారు, దాని మీద నడిచి వచ్చాం. 1876లో వాషింగ్టన్‌లో పెన్సిల్వేనియా అవెన్యూకి అక్కడి తారే వేశారు. ఊరూరికీ తారు పంపిన ఆ చెరువు పక్క రోడ్డు మాత్రం, కింద నేల కదులుతూ ఉండడం వల్ల ఎత్తుపల్లాలుగా ఉంది. మా సాలూరు ఘాట్ రోడ్డే నయమనిపించింది.

టొబాగో వెళ్లాలంటే రెండు దార్లు, సీ బ్రిడ్జ్, ఎయిర్ బ్రిడ్జ్ అంటారు. వంతెనలు కావు, ఒకటి ఓడ, ఒకటి విమానం. వెళ్లేటప్పుడు ఓడలో వెళ్లాం, పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి స్కార్‌బరోకి. ఏపీటీ జేమ్స్, బుక్కూ రీఫ్ అని రెండు పెద్ద ఫెర్రీలున్నాయి, రెండూ ఆస్ట్రేలియా కంపెనీల తయారీ, 2021లో వచ్చాయి. జేమ్స్ అన్నది టొబాగో నాయకుడి పేరు. కార్లూ లారీలూ కింద అంతస్తులో, మనుషులు పైన. లోపల శుభ్రం, సీట్లు మన ఇంద్ర ఏసీ బస్సుకంటే మెత్తన. జలసంధి దాటి బయట సముద్రంలోకి వచ్చేదాకా అంతా పెళ్లి సందడిలా ఉంది. తర్వాత ఒకటే ఊపు. మా ఆవిడ నిమ్మకాయ వాసన చూస్తూ కళ్లు మూసుకుని పైడితల్లమ్మని తలుచుకుంటూ కూర్చుంది, ఎదురు వరుసలో వాళ్లు సంచులు అందుకున్నారు. పిల్లలు మాత్రం ఆడుకుంటూనే ఉన్నారు.

టొబాగోవాళ్లకి ఈ ఓడ షోకు కాదండి. బియ్యం, కూరలు, సిమెంటు అన్నీ దీని మీదే రావాలి. 2017లో సూపర్ ఫాస్ట్ గలీసియా అనే సరుకుల ఓడ కాంట్రాక్టు గొడవతో వెళ్లిపోతే కొట్లలో సామాన్లకి కటకటైపోయింది. అందుకే ప్రభుత్వం నష్టం భరించి టికెట్టు ధర తక్కువలో ఉంచుతుంది. పల్లెవెలుగుని లాభం చూసి నడపరు కదా, అదే లెక్క. తిరుగు ప్రయాణం మా ఆవిడ ఒప్పుకోలేదు, విమానంలో వచ్చాం. చిన్న రెక్కల విమానం, అరగంట కూడా పట్టలేదు.

శాన్ ఫెర్నాండో నుంచి రాజధానికి వాటర్ ట్యాక్సీ కూడా ఉంది, 2008 చివర్లో మొదలుపెట్టారు. ఆఫీసులకి వెళ్లేవాళ్ల టైముకి నడుస్తుంది. హైవేలో చిక్కుకోకుండా సముద్రం మీద పోవడమంటే బాగుంటుంది, మీకు ఆ టైము కుదిరితే ఎక్కండి.

ఫోన్ల సంగతి. దేశం కోడ్ 1-868. పాత బటన్ ఫోన్లలో అంకెల మీద అక్షరాలు ఉండేవి చూడండి, టీ ఎన్ టీ అని నొక్కితే 868 వస్తుంది, అంటే ట్రినిడాడ్ అండ్ టొబాగో. ఎవరు ఆలోచించారో గానీ తెలివైనవాళ్లు. మొబైల్లో చాలాకాలం సర్కారువారి వాటా ఉన్న కంపెనీ ఒక్కటే ఉండేది, 2006లో రెండోది వచ్చాక పోటీ మొదలైంది. అయినా రెండే. మన దగ్గర రోజుకి జీబీలు జీబీలు వాడి పారేసే అలవాటుతో వెళ్తే కష్టం. నేను కొన్న సిమ్ (ఏ కంపెనీదో చెప్పను) వారానికని రీఛార్జ్ చేస్తే మూడో రోజు డేటా ఖతం. దుకాణానికి వెళ్లి అడిగితే అమ్మాయి నవ్వి "వీడియోలు చూశారా అంకుల్" అంది. చూశాను, మా మనవడు కూడా చూశాడు, కానీ ఆ సంగతి ముందే చెప్పాలి కదమ్మా. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ మాత్రం బ్రహ్మాండం, ఒక్కసారి కూడా ఆగలేదు. మనకీ వాళ్లకీ తొమ్మిదిన్నర గంటల తేడా. అక్కడ రాత్రి ఏడింటికి నేను తీరిగ్గా ఫోన్ చేస్తే ఇక్కడ మా తమ్ముడికి తెల్లవారుజామున నాలుగున్నర. మూడు రోజులు ఎత్తాడు, నాలుగో రోజు "అన్నయ్యా, నీకు నిద్రట్టకపోతే నానేటి సేసీది" అని పెట్టేశాడు.

మార్కులు వేయమంటే, బస్ రూట్‌కి అయిదుకి అయిదు, ఫెర్రీకి నాలుగు (మా ఆవిడైతే ఒకటి), మాక్సీకి మూడు, అందులో ఒకటి రంగు పట్టీకి. మొబైల్ డేటాకి రెండు. హైవేకి సున్నా వేద్దామనుకున్నాను గానీ రోడ్డు తప్పేం లేదు, కార్లే ఎక్కువ. వెళ్లేవాళ్లుంటే వైజాగ్ నుంచి నేరుగా ఏమీ లేదు, లండన్ మీదుగానో న్యూయార్క్ మీదుగానో పోవాలి, మోకాళ్లు సిద్ధం చేసుకోండి. దిగాక సిటీ గేట్ కౌంటర్లో ఒక అయిదారు టికెట్లు కొని జేబులో పడేసుకోండి, తర్వాతే బస్సు దగ్గరికి వెళ్లండి.