పార్కిన్సన్స్ ఫౌండేషన్ స్పానిష్ హెల్ప్‌లైన్: మా కస్టమర్లకు నేనిచ్చే మొదటి నంబర్

నేను అమెరికాలోని శాన్ ఆంటోనియోలో ఫార్మసీలో పనిచేస్తాను. మా కౌంటర్ దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది స్పానిష్ మాట్లాడేవాళ్లే, నాకొచ్చిన స్పానిష్ మాత్రం బిల్లు చెప్పడం వరకే. పార్కిన్సన్స్ (ఒళ్లు వణకడం, బిగుసుకుపోవడం ఉండే నరాల జబ్బు) ఉన్న ఒక పెద్దాయన కోసం ఈ హెల్ప్‌లైన్‌కి చాలాసార్లు ఫోన్ చేయించాను, ఆ అనుభవంతోనే అయిదుకి నాలుగున్నర ఇస్తున్నా.

ఆయన మెక్సికో నుంచి వచ్చి ఇక్కడ ఇళ్ల పైకప్పులు వేస్తూ బతికిన మనిషి. మొదటిసారి వచ్చినప్పుడు పర్సులోంచి కార్డు తీయడానికి వేళ్లు సహకరించక రెండు నిమిషాలు తడుముకున్నారు. పక్కన ఆరో క్లాసు చదివే మనవరాలు, డాక్టర్ దగ్గరా ఇక్కడా ఆ పిల్లే ట్రాన్స్‌లేటర్. "డాక్టర్ ఇది తగ్గదన్నారు, నేను మాత్రం తగ్గిపోతుందని చెప్పేశాను, లేకపోతే తాతయ్య ఏడుస్తారు" అని నాతో మెల్లగా చెప్పింది. నిజానికి అఫర్డబుల్ కేర్ చట్టం (అమెరికా ఆరోగ్య బీమా చట్టం) 1557 సెక్షన్ ప్రకారం ఎమర్జెన్సీ అయితే తప్ప పిల్లలతో అనువాదం చేయించకూడదు, ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ని ఇవ్వాల్సింది ఆసుపత్రే.

మా వైపూ తప్పుంది. రాసాజిలిన్ అనే పార్కిన్సన్స్ మందు డబ్బా మీద రోజుకి ఒకసారి అని ఇంగ్లీషులో 'వన్స్' (once) అని వేసిచ్చాం. అవే అక్షరాలు స్పానిష్‌లో 'ఓన్సే', అంటే పదకొండు. వాళ్లావిడ డబ్బా పట్టుకుని భయం భయంగా వచ్చి "పదకొండా?" అని అడిగింది కాబట్టి సరిపోయింది, ఆమె అడగకపోయుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ రోజే ఆమెతో ఈ నంబర్‌కి చేయించా: 1-800-473-4636. డబ్బులేం కట్టక్కర్లేదు, స్పానిష్‌లో మాట్లాడే మనిషి ఉంటారు. నాకు బాగా నచ్చింది ఏంటంటే, వాళ్లు జబ్బు గురించి పాఠం మొదలుపెట్టలేదు, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆయన ఏం తింటారు, మాత్ర ఎప్పుడు వేసుకుంటారు అని అడిగారు. తేలిందేమిటంటే, పార్కిన్సన్స్‌కి వాడే లెవోడోపా మాత్రని గుడ్లు, బీన్స్‌తో కలిపి మింగుతున్నారు. ప్రోటీన్, లెవోడోపా పేగుల్లో ఒకే దారి కోసం పోటీ పడతాయి, అందుకే కొందరికి మందు సరిగ్గా ఎక్కదు. తిండికి అరగంట ముందు వేసుకోవచ్చా అని డాక్టర్‌ని అడగమన్నారు, అడిగాక మార్చారు. పొద్దున పూట బిగుసుకుపోవడం తగ్గిందని ఆమే వచ్చి చెప్పింది.

ఆసుపత్రిలో చేరాల్సొస్తే చూపించడానికి స్పానిష్‌లో గైడ్ కూడా ఉంది, అదీ ఉచితమే. మందులు వేళ తప్పకుండా ఇవ్వాలని, మానసిక సమస్యలకిచ్చే హాలోపెరిడాల్, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ లాంటివి పార్కిన్సన్స్ లక్షణాల్ని పెంచుతాయని నర్సుకి నోటితో చెప్పలేని కుటుంబానికి ఆ కాగితమే గొంతు.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే శని, ఆదివారాల్లో పనిచేయదు, పనులకెళ్లే పిల్లలకి ఖాళీ దొరికేది అప్పుడే. ఇంకోటి, వాళ్లు సమాచారమిస్తారు కానీ మందు మార్చరు, దానికి డాక్టరే కావాలి.

పోయిన నెల రీఫిల్‌కి భార్యాభర్తలిద్దరే వచ్చారు, మంగళవారం పదకొండు గంటలకి. మనవరాలేదని అడిగితే, బడిలో ఉందన్నారు.