కౌంటరు వెనక అమ్మాయి: ‘హై ఫిడెలిటీ’ సిరీస్ సమీక్ష

పాత ప్రేమకథలో హీరో ఉండే చోట హీరోయిన్‌ను నిలబెట్టి, అదే కొత్తదనం అనిపించుకునే ప్రయత్నాలు చాలా చూశాను కాబట్టి, 2020 ఫిబ్రవరి 14న అమెరికాలో హులూ అనే స్ట్రీమింగ్ వేదిక విడుదల చేసిన ‘హై ఫిడెలిటీ’ని పెద్దగా ఆశ పెట్టుకోకుండానే మొదలుపెట్టాను. ఒక్కొక్కటి అరగంట దాకా ఉండే పది భాగాలను మూడు రాత్రుల్లో పూర్తిచేశాను. ఐదో భాగాన్ని మాత్రం మర్నాడు మళ్ళీ చూశాను.

దీనికి మూలం నిక్ హార్న్‌బీ 1995లో రాసిన నవల. లండన్‌లో గ్రామఫోను రికార్డుల దుకాణం నడుపుకునే రాబ్ అనే యువకుడు, ప్రియురాలు విడిచి వెళ్ళిపోయాక, అంతకుముందు తన మనసు విరిచిన ఐదుగురిని వరసపెట్టి తలుచుకుంటాడు. 2000లో జాన్ క్యూసాక్ నటించిన సినిమా ఆ దుకాణాన్ని షికాగోకు మార్చింది. సిరీస్‌లో అది న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌కు చేరింది. రాబ్ ఇప్పుడు రాబిన్; ఆ పాత్ర పోషించింది జోయి క్రావిట్జ్. పాత సినిమాలో గాయనిగా నటించిన లీసా బోనె ఈమె కన్నతల్లి.

పాత ప్రేమలను తిరగేసుకునే కథ మనకు కొత్తేమీ కాదు. 2004లో ‘నా ఆటోగ్రాఫ్’లో రవితేజ తన పెళ్ళి శుభలేఖలు పట్టుకుని గతాన్ని వెతుక్కుంటూ వెళ్ళాడు, 2016లో ‘ప్రేమమ్’లో నాగచైతన్య వయసుకొక ప్రేమ చొప్పున మూడు చూపించాడు. ఆ ఇద్దరినీ మనం ముచ్చటగానే చూశాం. అదే లెక్క ఒక అమ్మాయి నోటి వెంట వస్తే ఆమె నడవడిక మీదికి మాట వెళ్ళకుండా ఉండదు. ఈ సిరీస్ రాబిన్‌కు సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం కల్పించలేదు. అలాగని ఆమెను ఉత్తమురాలిగానూ చూపలేదు. ఆమె స్వార్థం, ఎదుటివాళ్ళ మాట వినని తనం చివరికి వచ్చేసరికి మనకే చిరాకు పుట్టిస్తాయి. మగ పాత్రలకు ఎప్పటినుంచో దక్కుతున్న ఈ వెసులుబాటు ఆమెకూ దక్కడం నాకు తృప్తినిచ్చింది.

అసలు మార్పు ఎక్కడ జరిగిందో ఐదో భాగంలో తెలుస్తుంది. భర్త మీద కోపంతో ఒక ఇల్లాలు అతని అపురూపమైన రికార్డులన్నిటినీ ఇరవై డాలర్లకే ఇచ్చేస్తానంటుంది. ఈ ఘట్టం నవలలో ఉంది. పాత సినిమా కోసం చిత్రీకరించి కూడా కత్తిరించేశారు. ఇక్కడ రాబిన్, ఆ మనిషి నిజంగా అంత చెడ్డవాడేనా అని తేల్చుకోవడానికి స్నేహితుడిని వెంటబెట్టుకుని అతన్ని వెతుక్కుంటూ వెళుతుంది. సంభాషణ రికార్డుల మీదికి మళ్ళుతుంది. విషయం తెలిసినది రాబిన్‌కు, ఆ పెద్దమనిషి మాత్రం ప్రతి మాటా పక్కనున్న మగవాడితోనే చెబుతాడు, ఆ స్నేహితుడికేమో రికార్డుల సంగతే పట్టదు. రాబిన్ మధ్యలో అందుకోబోతుంది, ఆగిపోతుంది, మళ్ళీ అందుకోబోతుంది. ఆమె ముఖంలో క్షణక్షణానికీ మారే ఆ రంగుల కోసమైనా ఈ భాగం చూడాలి. మగవాడే నాయకుడైతే ఈ సన్నివేశానికి ఈ అర్థం వచ్చేదే కాదు.

నాకది అంతగా తగలడానికి కారణం ఉంది. తొంభైలలో కోఠిలో చదువుకునే రోజుల్లో, తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్ కొని, పాటల లిస్టు రాసుకుని రికార్డింగ్ షాపుకు వెళ్ళేదాన్ని. ప్రతి పాట పక్కనా సినిమా పేరు, సంగీత దర్శకుడి పేరు రాసి, ఏ పాట ఏ వైపు రావాలో, ఏ వైపు చివర ఏది ఉండాలో కూడా గుర్తుపెట్టి ఇచ్చేదాన్ని. షాపాయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, “మీ అన్నయ్య రాసిచ్చాడా అమ్మా?” అని అడిగాడు. నాకు అన్నయ్య లేడు. ఆ మాట కూడా చెప్పకుండా తలవంచుకుని డబ్బులిచ్చి వచ్చేశాను.

దుకాణంలో పనిచేసే చెరిస్‌గా డావైన్ జాయ్ రాండాల్ఫ్ అడుగుపెట్టిన ప్రతిసారీ తెర నిండిపోతుంది; ఈమెకే 2024లో ఉత్తమ సహాయనటి ఆస్కార్ వచ్చింది. రాబిన్‌ను ఒకప్పుడు ప్రేమించి, తరవాత తాను స్వలింగ ప్రేమికుడినని గ్రహించిన సైమన్ చేతికి ఎనిమిదో భాగంలో కథనం అప్పగించడం మంచి ఆలోచన. లోపాలూ లేకపోలేదు. రాబిన్ నేరుగా మనవైపు తిరిగి చెప్పే మాటలు కొన్నిచోట్ల ఆమె ముఖం అప్పటికే చెప్పేసిన సంగతినే మళ్ళీ చెబుతాయి. కొనేవాళ్ళు అరుదుగా కనిపించే ఆ దుకాణం అద్దె ఎలా కడుతోందన్న ప్రశ్న కూడా నన్ను వదల్లేదు.

అయినా ఇది చూడవలసిన సిరీస్. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల ముందు గొంతుకూర్చుని గంటలు గడిపే అలవాటున్నవారికి ఆ దుకాణంలోని మనుషులు వెంటనే దగ్గరవుతారు. ఒక్క సీజన్‌కే, 2020 ఆగస్టులో, హులూ దీన్ని ఆపేసింది. అన్నిటికంటే నన్ను బాధపెట్టినది చెరిస్ సంగతి. సొంతంగా బ్యాండు కట్టాలని మొదటినుంచీ తపించిన ఆమె కథ రెండో సీజన్‌లో విప్పుకోవలసింది. ఆ పాట మనం ఇక వినలేం.