పెరూజా, బ్లెనిం, లండన్: రాఫేల్ చిత్రం వెళ్ళిన దారిలో మా ప్రయాణం

ఇటలీలో పెరూజా నగరంలోని సాన్ ఫియొరెంజో చర్చిలో అన్సిదేయి కుటుంబానికి ఒక చిన్న ప్రార్థనా మందిరం ఉండేది. అక్కడి బలిపీఠం మీద నిలబెట్టడానికి రాఫేల్ 1505లో, ఇరవై రెండేళ్ళ వయసులో, మరియమాత చిత్రం ఒకటి వేశాడు. 1764లో గావిన్ హామిల్టన్ అనే స్కాట్లండ్ చిత్రకారుడు దాన్ని లార్డ్ రాబర్ట్ స్పెన్సర్ కోసం కొన్నాడు. స్పెన్సర్ దాన్ని తన అన్నగారైన నాలుగో మార్ల్‌బరో డ్యూక్‌కు కానుకగా ఇవ్వడంతో చిత్రం ఆక్స్‌ఫర్డ్ దగ్గరి బ్లెనిం ప్యాలెస్‌కు చేరింది. 1885లో లండన్ నేషనల్ గ్యాలరీ 70,000 పౌండ్లు చెల్లించి కొనేదాకా అక్కడే ఉంది. ఈ మూడు చోట్లనూ అదే వరుసలో చూడాలన్న కోరికతో నేనూ మా ఆవిడా ఎనిమిది రోజులు తిరిగి వచ్చాము.

రోమ్ నుంచి పెరూజాకు రైలులో దాదాపు మూడు గంటలు పడుతుంది. స్టేషన్ కింద, ఊరు కొండ మీద. రెంటినీ కలుపుతూ మినీమెట్రో అనే, డ్రైవరు లేని చిన్న పెట్టెలు కేబుల్ మీద నడుస్తాయి. సామానుతో ఉన్నవాళ్ళకు ఇంతకన్నా సుఖమైన దారి లేదు. మేము దిగిన బస మూడో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు, ఆ సంగతి ముందుగా చెప్పలేదు. మోకాళ్ళ నొప్పి ఉన్న మా ఆవిడ రెండుసార్లు ఎక్కి దిగేసరికి అలసిపోయింది. గది మాత్రం శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు లిఫ్ట్ ఉందో లేదో అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టడం మంచిది.

సాన్ ఫియొరెంజోకు మేము మధ్యాహ్నం వెళ్ళాము. ఇటలీలో చాలా చర్చిలు ఆ వేళ మూసి ఉంటాయని తెలిసి కూడా తొందరపడ్డాము. మర్నాడు పొద్దున్నే రైలు ఉండడంతో బయటి గోడలు చూసి తిరిగి రావలసి వచ్చింది. పెరూజాకు రెండు రాత్రులు కేటాయించుకోవలసిందని ఇప్పటికీ బాధగా ఉంది. ఆ లోటును కొంత తీర్చింది సాన్ సెవేరో మందిరం. అక్కడ రాఫేల్ గోడ మీదే వేసిన చిత్రం ఉంది. పై భాగం ఆయనది. 1520లో ఆయన మరణించాక, కింద నిలబడిన ఆరుగురు పునీతులను 1521లో వృద్ధుడైన పెరూజీనో పూర్తి చేశాడు. శిష్యుడు సగంలో వదిలిన గోడను గురువు నింపడం చూస్తే గుండె బరువెక్కింది. చెక్క మీద వేసిన మరియమాత చిత్రం ఓడెక్కిపోయింది, గోడ మీద వేసినది ఊళ్ళోనే నిలిచింది. పెరూజాలో చూడవలసినది ఒక్కటే అంటే నేను ఈ చిన్న గదినే చెబుతాను.

లండన్ నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు రైలులో గంట, అక్కడినుంచి బ్లెనిం ఉన్న వుడ్‌స్టాక్‌కు బస్సులో అరగంట. వుడ్‌స్టాక్‌లో గదుల అద్దె మాకు అందుబాటులో లేకపోవడంతో ఆక్స్‌ఫర్డ్‌లోనే దిగాము. అందువల్ల నష్టమేమీ లేదు. బ్లెనిం టికెట్టు ఖరీదైనదే, కాని భవనం, తోటలు, సరస్సు కలిపి రోజంతా పడుతుంది కాబట్టి నాకు ఎక్కువనిపించలేదు. 1704 యుద్ధ విజయానికి కానుకగా ఆన్ రాణి మొదటి డ్యూక్‌కు ఇచ్చిన ఎస్టేటు ఇది. చర్చిల్ పుట్టిన గది దగ్గరే జనమంతా గుమిగూడుతున్నారు.

మేము వెతికింది మాత్రం నాలుగో డ్యూక్‌ను. జాషువా రెనాల్డ్స్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1770ల చివర్లో వేసిన ఆయన కుటుంబ చిత్రం ఎర్ర డ్రాయింగ్ రూములో ఉంది. అందులో డ్యూక్ చేతిలో బొమ్మ చెక్కిన ఒక రత్నం ఉంటుంది. అలాంటి రత్నాలు సేకరించడం ఆయనకు ప్రాణం. ఆ రత్నాలను వారసులు 1875లో అమ్మేశారు, పదేళ్ళకు రాఫేల్ చిత్రాన్నీ అమ్మారు. ఆ మనిషి ముఖం చూస్తూ, ఆయన ముచ్చటపడి కూడబెట్టినవి ఎలా చెదిరిపోయాయో తలచుకుంటూ మేము అక్కడే చాలాసేపు నిలబడిపోయాము. ఎర్ర గది గురించి అడిగితే అక్కడి ఉద్యోగిని ఎంతో ఓపికగా వివరించింది. ఆ మర్యాద వల్లే ఆ రోజు మాకు సార్థకమైంది.

నేషనల్ గ్యాలరీకి ప్రవేశ రుసుము లేదు. చిత్రం రెండు మీటర్లకు పైగా ఎత్తుంది. ఎత్తైన చెక్క సింహాసనం మీద మరియమాత, ఒడిలో బాలయేసు, ఇద్దరి చూపూ ఒక పుస్తకం మీద. ఒక పక్క స్నాపక యోహాను చేతిలో స్ఫటికపు సిలువ ఉంది, దాని గుండా వెనుక రంగులు కనిపిస్తాయి. మరో పక్క పునీత నికోలస్ చదువులో మునిగి ఉన్నాడు. ఆయన పాదాల దగ్గర మూడు బంగారు బంతులున్నాయి, ఒక పేదవాడి ముగ్గురు కూతుళ్ళ పెళ్ళికి ఆయన ఇచ్చిన బంగారానికి గుర్తుగా. సింహాసనం పైకప్పు నుంచి వేలాడే పగడాల దండను మా ఆవిడ ముందుగా గమనించింది. ‘ఇది మన ఇళ్ళల్లో దిష్టి తగలకుండా పిల్లలకు వేసే పగడంలా ఉందండీ’ అంది. నిజానికి ఇటలీలో కూడా పసిపిల్లలకు రక్షగా పగడం కట్టేవారు.

ఆ మధ్యాహ్నమే బ్రిటిష్ మ్యూజియంకు నడిచి వెళ్ళి అమరావతి శిల్పాలు కూడా చూశాము. 1845లో వాల్టర్ ఎలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించిన ఆ సున్నపురాతి శిల్పాల ముందు, ధర కట్టి కొన్న ఒక చిత్రానికీ, ఎవరి చేతా కొనబడకుండానే ఓడెక్కిన మన రాళ్ళకూ ఉన్న తేడా నాకు బాగా తెలిసింది.

మర్నాడు ఊరికి బయలుదేరే ముందు మళ్ళీ గ్యాలరీకి వెళ్ళాము. మొదటిసారి నేను చూడనిది ఒకటి మిగిలిపోయింది. మరియమాత నీలి వస్త్రపు అంచు మీద బంగారు రంగులో రోమన్ అంకెల తేదీ ఉంది. దగ్గరగా వంగితే గాని కనపడదు. పదిగంటలకు తలుపులు తీయగానే వెళ్ళడం వల్ల గదిలో ఇంకెవరూ లేరు, తీరిగ్గా వంగి చదువుకున్నాము.