కాడ కోసి అమ్మే పుట్టకొక్కులు కొనకండి

వానలు పడ్డాయి, రోడ్ల పక్కన పుట్టకొక్కులు వచ్చేశాయి. కొనేముందు కాడ ఉందో లేదో చూడండి.

పోయిన ఆదివారం నర్సాపూర్ అడవి దాటాక ఒకతను కవర్లలో పెట్టి అమ్ముతుంటే తీసుకున్నాం. కాడలన్నీ గొడుగు అంచుదాకా కోసేసి ఉన్నాయి. "మట్టి లేకుండా సాఫ్ చేసి ఇస్తున్నం సార్" అన్నాడు. మధ్యాహ్నం కూర తిన్నాక రెండు గంటలు తిరగకముందే నాకూ మా తమ్ముడికీ వాంతులు, విరేచనాలు. సెలైన్ ఎక్కించుకుని మర్నాటికి తేరుకున్నాం. వండకుండా మిగిలినవాటిని తిప్పి చూస్తే, కొన్నింటికి గొడుగు కింద రేకులు ఆకుపచ్చకు తిరిగి ఉన్నాయి. మంచివాటిలో కుక్కగొడుగులు కలిపాడు. తెలియక కలిపాడేమో అంటుంది మా ఆవిడ. కాడలు అంత నున్నగా కోసినవాడికి తెలియదంటే నేను నమ్మను.

ఎందుకంటే ముఖ్యమైన గుర్తులు కాడలోనే ఉంటాయి. పుట్టలో పుట్టేదానికి కాడ కిందికి సన్నబడుతూ వేరులా చెదల గూటిదాకా దిగుతుంది. గొడుగు నడుమ మొనదేలి ఉంటుంది. మాకు తగిలిన రకానికి ఆ వేరు ఉండదు. కాడకు ఉంగరంలాంటి పట్టీ ఉంటుంది, తెల్లటి గొడుగు మీద గోధుమరంగు పొలుసులుంటాయి. లేతగా ఉన్నప్పుడు దాని రేకులూ తెల్లగానే ఉంటాయి కాబట్టి రంగును నమ్ముకోలేం. కాడ మొదట్లో సంచిలాంటి తొడుగు ఉంటే అసలు ముట్టుకోకండి, ప్రాణాలు తీసే కొన్ని జాతులకు అది ఉంటుంది. కాడ కోస్తే వేరు, ఉంగరం, తొడుగు అన్నీ పోతాయి.

వెండి చెంచా నల్లబడితేనే విషం, పురుగు తిన్నదైతే మంచిది, పసుపేసి ఉడికిస్తే విషం పోతుంది లాంటివి వినకండి. ప్రాణం తీసే విషం ఎంత ఉడికించినా పోదు.

తిన్న వెంటనే వాంతులైతే భయపడతాం, ఆసుపత్రికి పరిగెడతాం. ఆరేడు గంటలు ఏమీ కాక, ఆ తర్వాత మొదలైతేనే ఎక్కువ ప్రమాదం. మర్నాడు కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది, లోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది. అందుకే తగ్గిందని ఇంట్లో ఉండిపోవద్దు. వండనిది ఒకటి మిగిలితే కాగితంలో చుట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవరైతే తొందరగా కుళ్లిపోతుంది.