విల్టన్‌లో వొరొంత్సోవ్‌ల జాడ

రష్యాకు సేనానులను, రాయబారులను అందించిన వొరొంత్సోవ్ వంశపు ఆనవాళ్లను ఇంగ్లండ్‌లో చూడదలచినవారు లండన్‌కు కొద్ది గంటలు, సాలిస్‌బరీ దగ్గరి చిన్న ఊరు విల్టన్‌కు రోజంతా కేటాయించుకోవడం మంచిది. లండన్ సెయింట్ జాన్స్ వుడ్‌లో ఆ ఇంటిపేరు పెట్టిన వీధి ఒకటి ఉంది కానీ, అక్కడ పేరు పలక, నివాస గృహాలు తప్ప ఆగి చూడవలసినది లేదు.

అయితే ఆ పేరుగల మనిషి సెమ్యోన్ వొరొంత్సోవ్ సామాన్యుడు కాడు. 1770లో లార్గా, కాగుల్ యుద్ధాలలో తుర్కులతో పోరాడిన ఆయన 1785లో రాయబారిగా లండన్ వచ్చాడు. 1791లో, రష్యా గెలుచుకున్న నల్లసముద్ర తీరపు ఒచాకోవ్ కోటను తుర్కులకు తిరిగి ఇచ్చెయ్యాలంటూ బ్రిటన్ ప్రధాని పిట్ రష్యాపై యుద్ధానికి సిద్ధపడినప్పుడు, సెమ్యోన్ కరపత్రాలు వేయించి, ప్రతిపక్ష నాయకులను కలుసుకుని, బ్రిటిష్ ప్రజాభిప్రాయాన్నే పిట్‌కు ఎదురు నిలిపాడు. పిట్ వెనక్కి తగ్గక తప్పలేదు. రాయబారం అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

సెయింట్ జాన్స్ వుడ్ పరిసరాలలో బస ఖరీదైనది. నేను దిగిన హోటల్లో గది ఇరుకు, సిబ్బంది పలకరింపు అంతంతమాత్రం. వాటర్లూ స్టేషన్ నుంచి సుమారు గంటన్నర రైలు ప్రయాణంలో ఉన్న సాలిస్‌బరీలో దిగడమే మేలు. అక్కడి చిన్న అతిథి గృహంలో తక్కువ అద్దెకే విశాలమైన గది దొరికింది. శాకాహారినని చెప్పగానే ఇంటావిడ ఉదయపు ఫలహారం విడిగా సిద్ధం చేసి పెట్టారు. విల్టన్‌కు బస్సులో కొద్దిసేపే.

విల్టన్ చర్చిని 1840లలో కట్టించినది సెమ్యోన్ కుమార్తె, పెంబ్రోక్ ప్రభువు భార్య కేథరిన్, ఆమె కుమారుడు సిడ్నీ హెర్బర్ట్. ఇంగ్లండ్ పల్లెల్లో కనబడే చర్చిలకూ దీనికీ పోలికే లేదు: ఇటలీ పద్ధతిలో విడిగా నిలబడిన గంటల గోపురం, లోపల రంగురాళ్లు పొదిగిన మెలికల స్తంభాలు, ఫ్రాన్స్ నుంచి తెచ్చిన మధ్యయుగపు గాజు చిత్రాలు. నేను ఎక్కువసేపు గడిపింది మాత్రం తల్లీకొడుకుల పాలరాతి ప్రతిమల దగ్గరే. కేథరిన్ సోదరుడు మిఖాయిల్ నెపోలియన్ సేనలతో జరిగిన బోరొదినో యుద్ధంలో గాయపడి, తరువాత కాకసస్‌కు రాజప్రతినిధి అయిన రష్యన్ సేనాని. ఆమె కుమారుడు సిడ్నీ, రష్యాతో బ్రిటన్ తలపడిన క్రిమియా యుద్ధం వచ్చేనాటికి బ్రిటన్ యుద్ధ వ్యవహారాల మంత్రి. మేనమామ ఒక పక్షం, మేనల్లుడు మరో పక్షం. 1854లో ఫ్లారెన్స్ నైటింగేల్‌ను క్షతగాత్రుల సేవకు పంపినది ఈ మేనల్లుడే. ఆ తల్లి మనసు ఆ రోజులలో ఎలా ఉండేదో అన్న ఆలోచన నన్ను చాలాసేపు వదలలేదు.

పక్కనున్న విల్టన్ హౌస్‌లో వాస్తుశిల్పి ఇనిగో జోన్స్ పేరుతో ముడిపడిన డబుల్ క్యూబ్ గది (రెండు ఘనాలు పక్కపక్కన చేర్చిన ఆకారం), చిత్రకారుడు వాన్ డైక్ గీసిన చిత్రాలు తప్పక చూడదగినవి. అది పెంబ్రోక్ కుటుంబపు నివాసం కాబట్టి ఏడాది పొడవునా తెరచి ఉండదు. తేదీలు ముందుగా చూసుకున్న తరువాతే సాలిస్‌బరీలో గది తీసుకోవాలి. ఆదివారం ఉదయం చర్చిలో ప్రార్థనలు జరుగుతాయి కనుక, తీరిగ్గా చూడాలనుకునేవారికి మిగతా రోజులు అనువైనవి.