కుమరకోం రిసార్టులో చిన్నపిల్లల భోజనం: ఏ ప్లాన్ తీసుకుంటే నయం

కేరళలో వెంబనాడు సరస్సు ఒడ్డున ఉన్న కుమరకోంలో, ఒక మధ్యస్థాయి రిసార్టులో మేమిద్దరం, ఏడేళ్ళ బాబు, రెండున్నరేళ్ళ పాప కలిసి బస చేశాం. గదుల గురించీ, ఈతకొలను గురించీ రాసేవారు చాలామంది ఉన్నారు కనుక, ఈ సమీక్షను పిల్లల భోజన ఏర్పాట్లకే పరిమితం చేస్తున్నాను. వంటగది సిబ్బందికి నేను మనస్ఫూర్తిగా మంచి మార్కులు వేస్తాను. భోజన ప్లాన్ల నిబంధనలు రాసినవారికి మాత్రం వేయలేను.

బుకింగ్ సమయంలో కనిపించే పొడి అక్షరాలు చాలామందిని తికమకపెడతాయి. ఈపీ అంటే గది మాత్రమే. సీపీ అంటే గదితో పాటు ఉదయం టిఫిన్. ఎంఏపీ అంటే టిఫిన్‌తో పాటు మధ్యాహ్నం లేదా రాత్రి ఒక పూట భోజనం. ఏపీ అంటే మూడు పూటలా భోజనం. మేము దిగిన చోట అయిదేళ్ళలోపు పిల్లలకు భోజనం ఉచితం, ఆరు నుంచి పన్నెండేళ్ళ వరకు సగం ధర. అయిదు నిండి ఆరో ఏట నడుస్తున్న బిడ్డ ఏ వరుసలోకి వస్తుందన్నది రిసార్టును బట్టి మారుతుంది కాబట్టి, ఆ ఒక్క ప్రశ్నకు బుకింగుకు ముందే రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి. చెక్ ఇన్ సమయంలో వయసు రుజువు అడుగుతారు. చిన్నవారికి నీలం రంగు బాల ఆధార్ సరిపోతుంది.

సీపీకీ ఎంఏపీకీ మధ్య తేడా మాకు పెద్దవారికి తలా 1,400 రూపాయలు, బాబుకు 700, అంటే రోజుకు 3,500. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 4,130 అయింది. బఫేలో పెద్దలు తినే తిండికి ఈ ధర న్యాయమే. కానీ ఏడేళ్ళ పిల్లవాడు రెండు దోసెలు, కాస్త పెరుగన్నం, ఒక గిన్నెడు పాయసం మించి తినడు. ఆ లెక్కన, పిల్లవాడికి ప్లాన్ తీసుకోకుండా మెనూలోంచి ఒక వంటకం తెప్పించుకునే వీలు ఉండాలి. ఇక్కడ ఆ వీలు లేదు. ఒకే గదిలో ఉన్నవారంతా ఒకే ప్లాన్‌లో ఉండాలన్నది వారి నియమం, నాకు నచ్చని మొదటి సంగతి ఇదే.

ఏపీ తీసుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. కుమరకోం వెళ్ళినవారు ఒక పగలైనా హౌస్‌బోటులో గడపకుండా రారు. పగటి ప్రయాణాల్లో మధ్యాహ్న భోజనాన్ని సాధారణంగా పడవ అద్దెలోనే కలిపి ఇస్తారు. ఆ రోజు రిసార్టు మధ్యాహ్న భోజనానికి కట్టిన సొమ్ము వృథా అవుతుంది. ఎంఏపీలో మధ్యాహ్నాన్ని రాత్రికి మార్చుకోవడానికి ఒప్పుకుంటారా అని ముందే అడగండి. మాకు ఏ రోజుకారోజు మార్చుకోనిచ్చారు, అది చాలా ఉపయోగపడింది.

చిన్నపిల్లల విషయంలో ధర కంటే వేళే పెద్ద సమస్య. రాత్రి బఫే ఏడున్నరకు గానీ తెరవరు, వంటకాలన్నీ తెచ్చి పెట్టేసరికి ఎనిమిది అవుతుంది. మా పాప ఆరున్నరకు తిని ఏడున్నరకల్లా నిద్రపోయే పిల్ల. మొదటి సాయంత్రం ఈ సంగతి చెప్పగానే అక్కడి వంటమాస్టరు స్వయంగా బయటికి వచ్చి, పాప ఏం తింటుందో, కారం ఎంత తింటుందో అడిగి తెలుసుకున్నారు. ఆ తరువాత ప్రతి సాయంత్రం ఆరున్నరకు, మెత్తగా ఉడికించిన అన్నం, మిరియాలు వేయని పెసరపప్పు, నెయ్యి వేరే చిన్న గిన్నెలో గదికే పంపించారు. దీనికి ప్లాన్‌కు మించి ఒక్క రూపాయి తీసుకోలేదు. ఈ ఒక్క పనితో మా ప్రయాణం సుఖంగా గడిచింది.

అన్నం విషయంలో మన తెలుగువారు ఒకటి గమనించాలి. అక్కడ మధ్యాహ్నం మామూలుగా వడ్డించేది ఎర్రటి మట్ట బియ్యపు అన్నం. గింజ లావుగా, ఉడికినా పట్టుగా ఉంటుంది. పెద్దలకు రుచిగానే ఉంటుంది గానీ, సన్నబియ్యానికి అలవాటుపడిన పసివారు నమలలేక ఉమ్మేస్తారు. తెల్లన్నం కావాలని ఉదయమే చెబితే వండి పెడతారు. ఉదయం టిఫిన్ మాత్రం పిల్లలకు పండగ. బియ్యప్పిండిని సన్నని పోగులుగా ఒత్తి ఆవిరి మీద ఉడికించే ఇడియాప్పం మీద కొబ్బరిపాలు, చిటికెడు పంచదార వేసి ఇస్తే బాబు మారు అడిగాడు. ఆవిరి మీద ఉడికించిన నేంద్రం అరటిపండు ముక్కలను పాప తన చేత్తోనే తీసుకుని తింది. బల్లల మీద గులాబీ రంగులో గోరువెచ్చని నీళ్ళు పెడతారు. పతిముఖం చెక్క వేసి కాచిన నీళ్ళవి, సంకోచం లేకుండా తాగవచ్చు.

పిల్లల మెనూ అని విడిగా అచ్చువేసిన కార్డు నన్ను నిరాశపరిచింది. ఫ్రెంచ్ ఫ్రైస్, నగ్గెట్స్, నూడుల్స్, చీజ్ పాస్తా తప్ప అందులో ఏమీ లేవు. ఇంత చక్కని ఇడియాప్పం, ఇడ్లీ వండగల వంటగది, పసివారి కోసం వేపుళ్ళనే ఎంచుకోవడం నాకు బాధ కలిగించింది. మరొకటి, రాత్రి పడుకోబోయే ముందు పాపకు తెప్పించిన గ్లాసు పాలను రూమ్ సర్వీసు కింద విడిగా బిల్లు వేశారు. పసిపిల్లల పాలను ప్లాన్‌లో కలపడం ఏ రిసార్టుకైనా పెద్ద భారం కాదు.

ఏడాది లోపు బిడ్డతో వెళ్ళేవారు గదిలోని కెటిల్‌పైనే ఆధారపడకుండా, మెత్తగా చేసే చిన్న మిక్సీ వంటగదిలో ఉందో లేదో కనుక్కోవాలి. టిఫిన్ బల్ల మీద ఉండే తేనెను ఆ వయసు పిల్లలకు అసలు పెట్టకూడదు. అందులో ఉండగల బాక్టీరియా వల్ల బోటులిజం వచ్చే ప్రమాదం ఉంది. ద్రాక్షపండ్లను అయిదేళ్ళలోపు వారికి నిలువుగా కోసి ఇవ్వాలి. బఫేలో చాలాసేపటి నుంచి గోరువెచ్చగా ఉన్న కూర కంటే, అప్పుడే పోసిన దోసె ఎప్పుడూ మేలు.

తిరుగు ప్రయాణం రోజున తెల్లవారుజామునే బయలుదేరితే ఆ పూట టిఫిన్ పోయినట్టేనని అనుకోవద్దు. ముందు రాత్రి తొమ్మిదిలోగా రిసెప్షన్‌లో చెబితే కట్టి ఇస్తారు. అడగకపోతే సాండ్‌విచ్, పళ్ళరసం డబ్బా పెడతారు కనుక, పిల్లలకు ఇడ్లీలు కావాలని, చట్నీ వేరుగా కట్టమని ప్రత్యేకంగా చెప్పండి.